ఆదివారం వండిన అన్నానికి గండం చల్లారేటప్పుడే

ఒక పాఠకురాలి ప్రశ్న ఇది: "వారంలో ఆదివారం ఒక్కటే నాది. పొద్దున్నే వంట మొత్తం కానిచ్చేసి, తర్వాత తీరిగ్గా ఇల్లు దులిపి, ఊడ్చి, తుడిచి, సాయంత్రం అన్నీ డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెడతాను. మా అత్తయ్య మాత్రం నిలవ అన్నం విషం అంటారు. నిజమేనా?"

నిలవ ఉన్నంత మాత్రాన అన్నం విషం కాదు. కానీ ఆవిడ చెప్పిన వరసలో ఒక చిక్కుంది. పొయ్యి ఆపినప్పటి నుంచి ఫ్రిజ్ తలుపు తీసేదాకా గడిచే ఆ గంటలే అసలు సమస్య. ఇల్లు శుభ్రం చేస్తున్నంతసేపూ మూత పెట్టిన గిన్నెలో ఏం జరుగుతుందో చెప్పాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయని బడిలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తారు. ఇది సగం నిజమే. మరుగుకు కూడా చావనివి ఉన్నాయని 1876లోనే ఫెర్డినాండ్ కోన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఎండుగడ్డి నానిన నీటిని మరిగించాక కూడా అందులో బాసిల్లస్ జాతి బాక్టీరియా మళ్లీ పుట్టుకొచ్చింది. కారణం స్పోర్లు, అంటే కష్టకాలం దాటడానికి బాక్టీరియా దాల్చే నిద్రాణ రూపం. నూటయాభై ఏళ్ల కిందటి ఈ సంగతి పిల్లలకు ఇంకా గట్టిగా చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

పొలం మట్టిలో బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా ఉంటుంది. వడ్లతో పాటు బియ్యంలోకి, బియ్యంతో పాటు కుక్కర్లోకి వస్తుంది. దాని స్పోర్‌ను ఎండిన విత్తనం అనుకోండి. లోపల నీరు చాలా తక్కువ. ఆ తక్కువ నీటి చోటంతా కాల్షియంతో కలిసిన డైపికోలినిక్ ఆమ్లం నిండి ఉంటుంది. డీఎన్ఏను చిన్న చిన్న ప్రోటీన్లు చుట్టి కాపాడతాయి. పైన పొరలు పొరలుగా తొడుగు. రోహిణి ఎండకు విత్తనం చావనట్టే, నూరు డిగ్రీల మరుగుకు ఈ స్పోర్లలో కొన్ని చావవు. పైగా ఆ వేడే వాటిని నిద్ర లేపుతుంది. అన్నం ఉడికినప్పుడు మిగతా బాక్టీరియా చచ్చిపోతుంది, అంటే చేనులో కలుపు తీసేసినట్టు. పిండిపదార్థం మెత్తబడి తేమ పట్టింది, అంటే దుక్కి సిద్ధం. ఇక కావలసింది తొలకరి వాతావరణం ఒక్కటే. గిన్నెలో వేడి 50 డిగ్రీల కిందికి దిగాక అది మొదలవుతుంది, 30 నుంచి 40 డిగ్రీల మధ్య మొలకలు ఏపుగా పెరుగుతాయి. మన వేసవి మధ్యాహ్నపు వంటగది వేడి కూడా ఇంచుమించు అంతే.

అనువైన వేడిలో ఈ బాక్టీరియా సుమారు అరగంటకోసారి రెట్టింపవుతుంది. గ్రాము అన్నానికి వంద ఉన్నాయని అనుకుందాం. నాలుగు గంటల్లో ఎనిమిది రెట్టింపులు, అంటే 25,600. ఆరు గంటల్లో పన్నెండు రెట్టింపులు, అంటే 4,09,600. గ్రాముకు లక్ష దాటితే ప్రమాదం అని లెక్క. ఒకసారి పెరిగాక ఇది సెరియులైడ్ అనే విషాన్ని వదులుతుంది. ఆ విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా విరగదు. అందుకే 'మళ్లీ వేడి చేసుకుంటే సరి' అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. బాక్టీరియా చస్తుంది, విషం ఉండిపోతుంది. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. 1970ల మొదట్లో బ్రిటన్‌లో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లకు జరిగింది ఇదే. పెద్ద పాత్రల్లో వండిన అన్నాన్ని గది వేడిలోనే వదిలేసి, తర్వాత వేయించి వడ్డించారు.

కాబట్టి ఆ తొలకరి సమయాన్ని కుదించాలి. ఇక్కడి నుంచి ఇది భౌతికశాస్త్రం, నాకు మరీ ఇష్టమైన చోటు. అన్నం ముద్ద నడిమి నుంచి వేడి బయటికి పాకాలి. పాకే వేగాన్ని చెప్పే అంకె ఒకటుంది, ఉష్ణ వ్యాపన గుణకం. అన్నంలో నీరే ఎక్కువ కాబట్టి అది నీటికున్నట్టే సెకనుకు సుమారు 0.14 చదరపు మిల్లీమీటర్లు. వేడి ప్రయాణించాల్సిన దూరాన్ని వర్గం చేసి, ఆ అంకెతో భాగిస్తే కాలం తెలుస్తుంది. గిన్నెలో అన్నం 10 సెంటీమీటర్ల మందం ఉంటే, నడిమి నుంచి అంచుకు 50 మిల్లీమీటర్లు. 50ని 50తో హెచ్చవేసి 0.14తో భాగిస్తే దాదాపు 18,000 సెకన్లు, అంటే ఐదు గంటలు. అదే అన్నాన్ని రెండున్నర సెంటీమీటర్ల మందాన పరిస్తే దూరం 12.5 మిల్లీమీటర్లు, కాలం సుమారు 19 నిమిషాలు. మందం నాలుగో వంతయితే కాలం పదహారో వంతు! ఈ వర్గం లెక్క తెలిసిన నాటి నుంచి వెడల్పాటి పళ్లెం మీద నాకు గౌరవం పెరిగింది.

చుట్టూ ఉన్న గాలి వేడిని నెమ్మదిగా తీసుకుంటుంది కాబట్టి అసలు సమయం ఇంతకన్నా ఎక్కువే పడుతుంది. పళ్లెం అడుగున చన్నీళ్లు, పైన ఫ్యాను ఉంటే ఆ అడ్డు తగ్గుతుంది. మూత తీస్తే ఇంకా లాభం. ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరూ 2,260 జౌల్‌లకు పైగా వేడిని మోసుకుపోతుంది. మూత ఉంటే ఆ ఆవిరి మళ్లీ చుక్కలై అన్నంలోనే పడుతుంది, వేడి అక్కడికక్కడే.

మూత తీయాలంటే ఇంట్లో దుమ్ము లేవకూడదు. అందుకే వరస మార్చమంటాను: ముందు శుభ్రం, తర్వాత వంట. పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దుమ్ము కణం కదలని గాలిలో మనిషి ఎత్తు నుంచి నేలకు దిగడానికి ఎనిమిది నిమిషాలు చాలు. ఒక్క మైక్రాన్ కణానికి దాదాపు పన్నెండు గంటలు. విడి స్పోర్ పరిమాణం ఇంచుమించు అంతే. కాబట్టి ఊడ్చాక తడిగుడ్డతో తుడిచి, కిటికీలు తెరిచి, కొంతసేపయ్యాక పొయ్యి వెలిగించడం మంచిది. స్పోర్లలో దుమ్ము వాటా చిన్నదే, ఎక్కువ భాగం బియ్యంతోనే వస్తుంది. అయినా తెరిచిన పళ్లెం మీద చీపురు దుమ్ము పడనివ్వడం ఎందుకు?

గ్రహణం రోజున వండినవన్నీ పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. చంద్రుడి నీడకు అన్నంలో బాక్టీరియా పెరగదు. భయపడాల్సింది గిన్నెలో అన్నం మందానికి, గడిచిన గంటలకు. వండిన ఆహారాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉండాలంటుంది. అన్నాన్ని ఒక గంటలో చల్లార్చి, ఫ్రిజ్‌లో ఒక్కరోజుకు మించి ఉంచవద్దని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ సలహా. అంటే వారానికి సరిపడా అన్నం ఆదివారమే వండడం కుదరదు.

అయితే ఆదివారం ఏం వండాలి? పులుసు సంగతి చూడండి. మన పెద్దవాళ్లు మిగిలిన పులుసును పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి మరగబెట్టి దించేవారు. 1877లో జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త అచ్చం ఇదే పద్ధతిని ప్రయోగశాలలో నిరూపించాడు. ఒకసారి మరిగిస్తే స్పోర్లు మిగులుతాయి, చల్లారే విరామంలో మొలకెత్తుతాయి, మొలకెత్తినవి మళ్లీ మరిగిస్తే చస్తాయి. తేడా ఏమిటంటే పులుసులో చింతపండు తోడుంటుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పీహెచ్‌ను (పులుపు పెరిగేకొద్దీ తగ్గే అంకె ఇది), పులుపు బాగా ఉంటే, నాలుగు లోపుకు దించుతుంది, ఈ బాక్టీరియా పెరగాలంటే నాలుగున్నరకు అటూ ఇటూ అయినా ఉండాలి. కమ్మని పప్పుకు ఆ రక్షణ లేదు, దాన్ని అన్నంలాగే త్వరగా చల్లార్చాలి.

పులిహోర పులుసుకు ఇంకో రక్షణ కూడా ఉంది. చిక్కటి చింతపండు గుజ్జును ఉప్పు, పసుపు, నూనెతో నూనె పైకి తేలేదాకా ఉడికిస్తే నీరు చాలావరకు పోతుంది. మిగిలిన నీటిని ఉప్పు పట్టి ఉంచుతుంది, బాక్టీరియాకు దొరకనివ్వదు. ఆదివారం అది చేసి పొడి సీసాలో పెట్టి, తడి చెంచా తగలకుండా చూసుకుంటే వారమంతా నిశ్చింతగా ఉంటుంది. అన్నం ఏ పూటకాపూట, కుక్కర్లో పావుగంట పని.