బంగారం వేట సినిమా, సెట్ ఖర్చు లేని ఏరు: కొన్ని అపోహలు, వాస్తవాలు

గత నెల ఒకే వారంలో ముగ్గురు ఫోన్ చేశారు. ముగ్గురూ మొదటి సినిమా తీయబోతున్న కుర్రాళ్లే. ముగ్గురి కథా ఇంచుమించు ఒకటే: నలుగురు మనుషులు, ఒక ఏరు, ఇసుకలో బంగారం, చివర్లో నమ్మకద్రోహం. ఆఖర్న చెప్పిన మాట కూడా ఒకటే. "అంతా అవుట్‌డోరే అన్నా, సెట్ ఖర్చు లేదు."

ఇలాంటి కథకే కో-డైరెక్టర్‌గా షెడ్యూల్ వేసి, అది కళ్లముందే ఏట్లో కొట్టుకుపోతుంటే చూసినవాణ్ని. కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను.

అపోహ: ఏటి ఒడ్డున తీస్తే ఖర్చు కలిసొస్తుంది.

వాస్తవం: సెట్ డబ్బులు మిగులుతాయి, నిజమే. ఆ మిగిలినవీ, ఇంకొన్నీ కలిపి ఏరు పట్టుకుపోతుంది.

మా సినిమాలో అసలు సీన్ ఇది: గులకరాళ్ల తిప్ప మీద ఇద్దరు భాగస్వాములు పాన్‌లో, అంటే వెడల్పాటి పళ్లెంలో, బంగారం కోసం ఇసుక కడుగుతుంటారు. ఒకడికి బంగారు పలుకు దొరుకుతుంది, రెండోవాడికి చెప్పడు. నాలుగు పేజీల సీన్. మొదటిరోజు సగం తీసి ప్యాకప్ చెప్పాం. తెల్లారి వెళ్లేసరికి తిప్ప లేదు. మా దగ్గర చినుకు కూడా పడలేదు, పైన ఎక్కడో పడింది. నీళ్లు టీ రంగుకు తిరిగాయి. మూడు రోజులకు తగ్గాయి గానీ, తిప్ప ఆకారమే మారిపోయింది. హీరో కూర్చున్న నల్లబండ సగానికి పైగా ఇసుకలో కూరుకుపోయి ఉంది. మొదటిరోజు తీసిందంతా మళ్లీ తీశాం.

వరద రాకపోయినా బాధ తప్పదు. పొద్దున తొమ్మిదింటి నీటి మెరుపు సాయంత్రం నాలుగింటి మెరుపుతో మ్యాచ్ కాదు. మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటు లంచ్ బ్రేక్‌లో ఆరిపోతుంది, కాబట్టి ఒక్కో డ్రెస్ నాలుగైదు జతలు కావాలి. ఇక సౌండ్. పారే నీటి హోరులో మాట వేరు చేయడం దాదాపు అసాధ్యం. యాంగిల్ మారినప్పుడల్లా ఆ హోరూ మారుతుంది, ఎడిటింగ్‌లో అతుకులు వినిపిస్తాయి. ఏటి దగ్గర సింక్ సౌండ్ (షాట్‌తో పాటే మాటలూ రికార్డు చేయడం) అని పట్టుబట్టకండి. డైలాగ్ గుర్తు కోసం పైలట్ ట్రాక్ మాత్రం తీసుకుని, డబ్బింగ్‌కి ముందే బడ్జెట్‌లో చోటు పెట్టుకోండి.

డబ్బు కంటే పెద్ద విషయం ఇంకొకటుంది. మీ లొకేషన్‌కి ఎగువన డ్యామ్ ఉందా? రెక్కీలో, అంటే లొకేషన్ చూడ్డానికి వెళ్లినప్పుడు, మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. ముగ్గురిలో ఒక్కడూ అడగలేదు. 2014 జూన్‌లో హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో దిగిన 24 మంది విద్యార్థులు లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. అది వాన తెచ్చిన వరద కాదు. నీళ్లు ఎప్పుడు వదులుతారో అక్కడి అధికారుల దగ్గర ప్రతిరోజూ కనుక్కునే మనిషి, ఒడ్డున తాడు పట్టుకుని నిలబడే మనిషి యూనిట్‌లో ఉండాల్సిందే. ఇందులో బేరం లేదు.

మరి ఎలా తీయాలి? సీన్‌ని రెండుగా విడగొట్టండి. వైడ్ షాట్లు మాత్రం ఏటి దగ్గర, వీలైనన్ని తక్కువ రోజుల్లో. చేతులు, పాన్, ముఖాలు అన్నీ తొట్టిలో. జానెడు లోతు తొట్టి, నీటికి కదలిక ఇచ్చే మోటారు, లొకేషన్ రాళ్లను పోలిన గులక. ఇది కూడా సెట్టే తమ్ముడూ, బడ్జెట్‌లో రాసుకో.

అపోహ: నిజమైన గని సొరంగంలో తీస్తే సహజంగా ఉంటుంది.

వాస్తవం: వదిలేసిన గనిలోకి యూనిట్‌ని తీసుకెళ్లొద్దు. గాలిలో ఆక్సిజన్ తక్కువుండొచ్చు, పైకప్పుకు పెట్టిన దుంగలు పుచ్చిపోయి ఉండొచ్చు. గోడలు ఊడదీసి కెమెరా పెట్టుకోగల సెట్ వేయించండి.

అపోహ: ఇసుకలోని బంగారు రేణువుల్ని అంటిపట్టే పాదరసాన్ని సీన్లో నిజందే వాడతారు.

వాస్తవం: ఒక నటి వాళ్లమ్మ నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగిందీ మాట. ఆవిడ భయం సరైనదే. పాదరసం ఆవిరి విషం, కంటికి కనబడదు, వాసనా ఉండదు. అందుకే సెట్‌లోకి రానివ్వం. క్లోజప్ తప్పదంటే పాదరసంలా కనిపించే గాలియం అనే లోహం ఉంది, సుమారు 30 డిగ్రీలకే కరుగుతుంది. కెమెరా, లైట్లు బిగించే అల్యూమినియం రిగ్గుల మీద మాత్రం పడనివ్వకండి, లోహాన్ని పాడుచేస్తుంది.

అపోహ: తుపాకీ లేకపోతే థ్రిల్లర్ కాదు.

వాస్తవం: 1997లో బయటపడిన, బ్రే-ఎక్స్ అనే కెనడా గనుల కంపెనీ మోసం చదవండి. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో తీసిన రాతి నమూనాల్లో ఎవరో బయటి బంగారం కలిపారు. రాతిలో పుట్టిన రేణువులైతే అంచులు గరుకుగా ఉండాలి, అవేమో ఏట్లో దొర్లినట్టు గుండ్రంగా ఉన్నాయి. భూతద్దం కింద ఒక గుండ్రటి అంచు. ఇంటర్వెల్‌కి అది చాలదా?

అపోహ: పాన్‌లో బంగారం తళతళ మెరవాలి.

వాస్తవం: తిప్పినప్పుడు తళుక్కుమని, నీడలో నల్లబడేది అభ్రకమో, బంగారంలా భ్రమపెట్టే పైరైట్ ఖనిజమో అయ్యుంటుంది. బంగారం నీడలోనూ అదే పసుపు. బంగారం సాంద్రత నీటికి 19.3 రెట్లు, మామూలు ఇసుకది 2.65 రెట్లు. అందుకే కడిగేకొద్దీ తెల్ల ఇసుక పోయి, అడుగున నల్ల ఇసుక చార మిగిలి, దాని చివర పలుకు కనిపిస్తుంది. తెల్ల ఇసుకలో గోలీకాయంత ముద్ద చూపిస్తే తెలిసినవాడు నవ్వుతాడు.

మేమూ మొదట ఇత్తడి రజను వేశాం. మానిటర్‌లో పెళ్లిపందిరి చెమ్కీలా ఉంది. డైరెక్టర్ విసిగిపోయి నిజం బంగారమే తెమ్మన్నాడు. ఒక గ్రాము, అంటే సైజులో మూడు బియ్యపు గింజలంత. పల్చగా సాగగొట్టించి, పలుకులుగా కత్తిరించి పాన్‌లో వేశాం. రెండు మునిగాయి. మిగతావన్నీ నీటిమీద తెప్పలా తేలుతూ కూర్చున్నాయి. అంత పల్చటి రేకును, వేళ్ల జిడ్డు కూడా అంటితే, నీటి తలతన్యతే మోసేస్తుంది. టేకు టేకుకీ రెండు మూడు పలుకులు అంచు దాటి తొట్టిలోకి జారిపోతున్నాయి. ప్రొడక్షన్ మేనేజర్ ముఖం చూడలేకపోయాం. చివరికి, నటులకు పాన్ తిప్పడం నేర్పడానికి వచ్చిన పెద్దాయన లేచి, అంట్లు తోమే సబ్బు ఒక్క చుక్క వేశాడు. అన్నీ బుడుంగున మునిగాయి. తర్వాతి టేకే ఓకే.

ప్యాకప్ అయ్యాక అందరం వ్యాన్ ఎక్కితే మేనేజర్ రాలేదు. వెళ్లి చూస్తే తొట్టి పక్కన ఫోన్ లైటు పెట్టుకుని, అడుగున ఇసుకంతా పాన్‌లో పోసి కడుగుతున్నాడు. మా హీరో కంటే బాగా తిప్పుతున్నాడు.