కడప ఆకాశంలో ఆ 33 కిలోమీటర్లు

డ్రోన్ల కోసం కొత్త చట్టం చేస్తామంటూ కేంద్రం 2025 సెప్టెంబర్ 16న ముసాయిదా బిల్లు పెట్టి, 30వ తేదీలోగా అభిప్రాయాలు చెప్పమంది. అంటే రెండు వారాలు. శిక్షలు, జప్తుల గురించి డ్రోన్ల తయారీదార్లు చేసిన గొడవ పత్రికల్లో బాగానే వచ్చింది. చిన్న విమానాలు నడిపేవాళ్ల టెన్షన్ వేరు. అది అర్థం కావాలంటే 2018 నాటి మొదటి నిబంధనల దాకా పోనక్కర్లేదు, 2021 ఆగస్టు చాలు.

ఆ ఏడాది మార్చి 12న వచ్చిన నియమావళిని మరీ కఠినమని ఐదు నెలలకే పక్కన పెట్టేశారు. కొత్త ముసాయిదా జూలై 14న వచ్చింది. అభిప్రాయాలకు గడువు ఆగస్టు 5, నోటిఫికేషన్ ఆగస్టు 25. జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లతో బాంబులు వేసింది జూన్ 27న. ముసాయిదా వచ్చేనాటికి దానికి మూడు వారాలు కూడా నిండలేదు!

అసలు మలుపు అందులోని ఒక్క అంకెలో ఉంది. విమానాశ్రయం హద్దు నుంచి 45 కిలోమీటర్లున్న యెల్లో జోన్, అంటే అనుమతి ఉంటేనే డ్రోన్ ఎగరేయాల్సిన వలయం, 12కి తగ్గింది. కడప లెక్కన చూస్తే మైదుకూరు, ప్రొద్దుటూరు రెండూ వలయం బయటికి వచ్చేశాయి. వైశాల్యంలో మిగిలింది దాదాపు పద్నాలుగో వంతు. ఆ బయట, రెడ్ జోన్ (కేంద్రం ఒప్పుకుంటేనే డ్రోన్ ఎగరేసే ప్రాంతం) కాని చోట, 400 అడుగుల దాకా ఎవరినీ అడగక్కర్లేదు.

నాలుగొందల అడుగులేగా అనిపిస్తుంది. శిక్షణ విమానం రన్‌వే చుట్టూ తిరిగేది మామూలుగా వెయ్యి అడుగుల్లో. కానీ ఇంజన్ ఆగితే పొలంలో ఎలా దించాలో నేర్పే పాఠం ఒకటుంది. శక్తి తగ్గించి, ఒక చేను ఎంచుకుని, సుమారు 500 అడుగుల దాకా దిగి మళ్లీ పైకి లేపుతారు. ఇది చేసేది ఊళ్లు పల్చగా ఉన్న దూరపు చోట్ల, అంటే ఆ వదిలేసిన 33 కిలోమీటర్లలోనే. కాగితం మీద మిగిలే ఎడం వంద అడుగులు. పైగా డ్రోన్ ఎత్తు దాని కింది నేల నుంచి లెక్క, పైలట్ చూసుకునేది సముద్రమట్టం నుంచి. చదును నేలైతే సర్దుకోవచ్చు. ఒక పక్క పాలకొండలు, ఇంకో పక్క నల్లమల ఉన్నచోట గట్టు మీద నుంచి లేచిన డ్రోన్ ఎంత ఎత్తులో ఉందో కాక్‌పిట్‌లో కూర్చుని తేల్చడం కష్టం. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో దిగేవాడికి రెండు కిలోల వస్తువు కనపడేసరికే పక్కకి వచ్చేసి ఉంటుంది.

మనుషులున్న విమానానికి డ్రోన్ దారివ్వాలని నియమం ఉంది, నిజమే. కానీ అనుమతి లేనిదే ఎగరనివ్వని ఏర్పాటు, ఎప్పటికప్పుడు జాడ చెప్పే పరికరం, హద్దు దాటనివ్వని జియోఫెన్సింగ్ లాంటివన్నీ మునుముందు నోటిఫై చేస్తామని, చేశాక కూడా కనీసం ఆరు నెలలు ఆగుతామని అందులోనే రాశారు. డ్రోన్ల ట్రాఫిక్ విధానం అక్టోబర్‌లో గానీ రాలేదు. గేటు తీసేశాక కాపలావాణ్ణి వెతికినట్టు.

ఫారాలు, ఫీజులు తగ్గకపోతే ఈ రంగం లేచేది కాదని డ్రోన్ల వాళ్లంటారు. అనంతపురం వేరుశనగ చేలో మందు కొట్టే డ్రోన్ పైరుకి నాలుగు మీటర్ల పైన కూడా ఎగరదు, దానితో ఏ పైలట్‌కీ పేచీ లేదు.

మరి అప్పుడు ఇక్కడి నుంచి ఎవరూ ఎందుకు అభ్యంతరం చెప్పలేదు? పైలట్ శిక్షణ కేంద్రాల జాబితాలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కడపను చేర్చింది 2022లో, వలయం కుదించిన మరుసటి ఏడాది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో ప్రయాణికుల విమానాలు మొదలై 2021 ఆగస్టుకి ఐదు నెలలే. ఇప్పుడు అదే ఓర్వకల్లులో రాష్ట్ర ప్రభుత్వం 300 ఎకరాల్లో డ్రోన్ హబ్ కడతానంటోంది.