వాట్లు, కొండలు, కాంటెస్టులు: బయట చేసే హామ్ రేడియోపై అపోహలు - వాస్తవాలు

కళింగపట్నం ఇసకలో ఫైబర్ కర్ర నిలబెట్టి తీగ కడుతుంటే అటుగా వెళ్లేవాళ్లు ఆగి "ఏటి బాబూ, టవరు పెడతన్నారా?" అని అడుగుతారు. వాళ్లకి జవాబు చెప్పడం తేలికే. చిక్కల్లా మన హామ్‌లలోనే (లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్లలో), ముఖ్యంగా పరీక్ష పాసై కొత్తగా కాల్‌సైన్ (గాలిలో మన పేరుగా పలికే అక్షరాలు, అంకెలు) చేతికొచ్చిన కుర్రాళ్లలో పాతుకుపోయిన నమ్మకాలతోనే. వాటివల్ల సెట్టు ఇల్లు కదలదు, అక్టోబరు కాంటెస్టు (రెండు రోజుల్లో వీలైనంతమందితో మాట్లాడే ప్రపంచ పోటీ, సీక్యూ వరల్డ్ వైడ్) వచ్చి వెళ్లిపోతుంది. సిక్కోలు, విజయనగరం తీరం రేడియోకి ఎంత అనువైనదో ఏళ్లుగా చూస్తున్నవాణ్ని కాబట్టి నాకిది బాధగా ఉంటుంది. తరచుగా వినే మాటల్నే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: కాంటెస్టులో పవర్ ఉన్నవాడిదే రాజ్యం. 5 వాట్లతో ఎవరికి వినపడతాం?

100 వాట్ల నుంచి 5 వాట్లకి దిగితే తగ్గేది 13 డెసిబెల్స్. సిగ్నల్ మీటరు మీద ఒక ఎస్ యూనిట్ అంటే 6 డెసిబెల్స్. అంటే అవతలివాడి దగ్గర ముల్లు రెండు గీతలకి కాస్త ఎక్కువ పడుతుంది. ఎస్7లో వినపడేవాళ్లం ఎస్5 దగ్గర వినపడతాం. బ్యాండు తెరుచుకున్న పూట, అంటే ఆ తరంగాలు బాగా దూరం పోతున్న పూట, అది చాలు. సీక్యూ వరల్డ్ వైడ్ పోటీలో 5 వాట్లు దాటనివాళ్లకి క్యూఆర్‌పీ అని విడిగా ఒక విభాగమే ఉంది.

పైగా మన చోటుకే ఒక విలువుంది. ఆ పోటీలో ప్రపంచాన్ని 40 జోన్‌లుగా విడగొడతారు. మనది 22. శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, మాల్దీవులు కూడా ఇందులోవే. ఎన్ని జోన్‌లు, ఎన్ని దేశాలు దొరికితే స్కోరు అంతగా హెచ్చుతుంది. ఐరోపాలో స్టేషన్లకి కొదవ లేదు, 22లో పలికేవాళ్లు మాత్రం తక్కువ. అందుకే మన సన్నటి సిగ్నల్ కోసం కూడా చెవులు రిక్కించి వింటారు.

పాయింట్ల లెక్క కూడా తెలుసుకోవాలి. వేరే ఖండంతో కాంటాక్టుకి 3, సొంత ఖండంలోనే వేరే దేశమైతే 1, సొంత దేశమైతే సున్నా (జోన్, దేశం లెక్కల్లోకి మాత్రం వస్తుంది). జపాన్ ఆసియా కాబట్టి 1. ఇండోనేసియాని ఈ పోటీల్లో ఓషియానియా కింద లెక్కిస్తారు కాబట్టి 3. మన తీరానికి జపాన్ కంటే ఇండోనేసియానే దగ్గర! ఇది తెలిసినవాడు తెల్లవారగానే యాంటెన్నా ఎటు తిప్పాలో వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: ఎంత ఎత్తైన కొండెక్కితే సిగ్నల్ అంత దూరం పోతుంది.

వీహెచ్‌ఎఫ్ (దాదాపు చూపు మేరే పోయే పొట్టి తరంగాల) హ్యాండ్‌సెట్ విషయంలో ఇది నిజమే. చుట్టూ చదునుగా ఉండి మధ్యలో 100 మీటర్ల కొండ ఉంటే రేడియోకి కనపడే హద్దు దాదాపు 40 కిలోమీటర్లు. హెచ్‌ఎఫ్‌లో, అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య, కథ వేరు. అక్కడ తరంగం అయనోస్ఫియర్‌ని (ఆకాశంలో బాగా పైన విద్యుదావేశమున్న పొరని) తాకి వంగి కిందకి దిగుతుంది. దూరం వెళ్లాలంటే అది నేలకి బాగా వాలుగా బయల్దేరాలి. అలా బయల్దేరనిచ్చేది ఉప్పునీరు. మామూలు నేలతో పోలిస్తే సముద్రపు నీటి వాహకత వెయ్యి రెట్ల స్థాయిలో ఎక్కువ. అలల అంచున నిలబెట్టిన 5 మీటర్ల నిలువు తీగ, అంటే 14 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం, ఊళ్లో మేడమీది అదే తీగకంటే ఎంతో బాగా పనిచేస్తుంది. మన తీరం చూసేది ఆగ్నేయం వైపు. ఇండోనేసియా, ఆస్ట్రేలియాల దిక్కున ముందున్నదంతా నీళ్లే. బారువ, భావనపాడు, చింతపల్లి, ఏ ఒడ్డైనా సరే, నీటికి ఎంత దగ్గరుంటే అంత మంచిది. సరుగుడు తోట వెనక నీడ బాగుంటుందని అక్కడ దిగితే ఈ లాభమంతా పోతుంది.

ఇసకలో మేకులు నిలవవు. సంచిలో ఇసక నింపి, మూతి కట్టి, మోకాలి లోతు గొయ్యిలో అడ్డంగా పాతి, దానికి తాడు కట్టండి. సముద్రపు గాలికి ఆ కట్టు కదలదు. ఇంటికొచ్చాక కనెక్టర్లని మంచినీళ్లతో తుడిచి ఆరబెట్టండి, లేకపోతే ఉప్పు వాటిని తినేస్తుంది.

అపోహ: దగ్గరివాళ్లతో మాట్లాడటం తేలిక, దూరం వాళ్లతోనే కష్టం.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. మధ్యాహ్నం 14 మెగాహెర్ట్జ్‌లో పలాస నుంచి పిలిస్తే జపాన్‌వాడు పలుకుతాడు, విజయనగరంలో ఉన్నవాడికి మాత్రం మన గొంతే వినపడకపోవచ్చు. నేల వెంట పోయే తరంగం కొద్ది కిలోమీటర్లలోనే చచ్చిపోతుంది. ఆకాశం నుంచి వంగి వచ్చేది వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. రెండిటి మధ్యా నిశ్శబ్దం. దాన్నే స్కిప్ జోన్ అంటారు.

దగ్గరివాళ్లని అందుకోవాలంటే 7 మెగాహెర్ట్జ్‌కి దిగాలి, డైపోల్‌ని (మధ్యలో కేబులు కలిపే అడ్డతీగ యాంటెన్నాని) కూడా కిందకి దించాలి. మొత్తం 20 మీటర్ల తీగ, నేలకి 3 నుంచి 5 మీటర్ల ఎత్తులో చాలు. అప్పుడు తరంగం దాదాపు నిటారుగా పైకెళ్లి, గొడుగులా చుట్టూ రెండు మూడు వందల కిలోమీటర్ల మేర కిందకి పడుతుంది. రాత్రి అయనోస్ఫియర్ పలచబడితే 7 కూడా పైకే పోతుంది. అప్పుడు 3.5 మెగాహెర్ట్జ్, రెట్టింపు తీగ.

ఇంతగా చెప్పడానికి కారణముంది. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. మన తుపాన్ల నెలా, సీక్యూ వరల్డ్ వైడ్ వాయిస్ పోటీ నెలా ఒకటే. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా నేలకొరిగాయో చూసినవాళ్లం. చెట్టుకి తాడు విసిరి తీగ ఎక్కించడమే నేర్చుకున్నవాడు ఆ మర్నాడు ఏం చేస్తాడు? రెండు వెదురు కర్రల మీద డైపోల్ కట్టి పక్క జిల్లాని పలికించడం కూడా సాధన చేసి ఉండాలి. కాంటెస్టు శని, ఆదివారాల్లో ఒక గంట దీనికి కేటాయించమని నేను ప్రతి కొత్త హామ్‌నీ అడుగుతాను.

అపోహ: కాంటెస్టంటే అంకెలు అరుచుకోవడమే, అందులో నేర్చుకునేదేమీ లేదు.

మన గడియారంలో శనివారం ఉదయం 5:30కి మొదలై సోమవారం ఉదయం 5:30 దాకా, 48 గంటలు. ఒక్కో కాంటాక్టు పది, పదిహేను సెకన్లు. అవతలివాడు మన కాల్‌సైన్ చెప్పి "ఫైవ్ నైన్ టూ ఫైవ్" అంటాడు. 59 సిగ్నల్ రిపోర్టు, 25 జపాన్ జోన్. మనం "ఫైవ్ నైన్ టూ టూ" అంటాం. అయిపోయింది. (అందరూ 59 అనే ఇస్తారు, దాన్ని నిజమైన రిపోర్టు అనుకోకండి.)

ఆ పది సెకన్లలో జరిగేది చూడండి. ఒకేసారి ఆరుగురు పిలుస్తారు, గోలలో "...కిలో జులియెట్" అన్న తోక మాత్రమే చిక్కుతుంది. "కిలో జులియెట్, మళ్లీ" అని ఆ ఒక్కడినే పిలవాలి. మిగతావాళ్లు ఆగాలి. పూర్తి కాల్‌సైన్ విని, తిరిగి చెప్పి, రాసుకుని, తర్వాతివాడి దగ్గరికి వెళ్లాలి. పునరావాస కేంద్రం నుంచి మందుల జాబితా చెప్పేవాడికీ, రాసుకునేవాడికీ కావల్సింది సరిగ్గా ఈ క్రమశిక్షణే.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం భారతి ప్రసాద్ గారి నాయకత్వంలో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. హామ్‌లకి అరుదుగా దొరికే అండమాన్ నుంచి ప్రపంచానికి కాంటాక్టులు ఇవ్వడానికి వెళ్లారు వాళ్లు. ఆ సెట్లే, ఆ చెవులే ఆ రోజు నుంచి బాధితుల క్షేమ సమాచారాలు చేరవేశాయి.

అపోహ: మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) రాకపోతే పోటీల జోలికి వెళ్లకూడదు.

హామ్‌లకిచ్చే వాటిలో కింది మెట్టైన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సుకి మోర్స్ పరీక్షే లేదు. అక్టోబరు చివరి వారాంతం పోటీ గొంతుతో చేసేదే. మోర్స్‌ది నవంబరులో. కాకపోతే నేర్చుకోండి. తక్కువ పవర్‌తో బయట చేసేవాడికి అంతకన్నా అండ లేదు.

అపోహ: లైసెన్సుంది కాబట్టి ఎక్కడైనా యాంటెన్నా వేసుకోవచ్చు.

లైసెన్సు ఇచ్చేది తరంగాల మీద హక్కు, స్థలం మీద కాదు. శాలిహుండం లాంటి పురావస్తు స్థలాల్లోనూ, అడవిలోనూ ముందుగా అనుమతి అడగాలి. మీ లైసెన్సులో ఉన్న చిరునామా కాని చోటి నుంచి పలకడానికి నిబంధనలు ఏమంటున్నాయో బయల్దేరకముందే చదువుకోండి. తీరంలో అయితే స్థానిక పోలీసులకీ, మెరైన్ పోలీసులకీ ముందురోజే కలిసి చెప్పండి. లైసెన్సు కాపీ జేబులో ఉంచుకోండి. అర్ధరాత్రి ఒడ్డున హెడ్‌ఫోన్ పెట్టుకుని విదేశీయులతో మాట్లాడేవాణ్ని చూస్తే ఎవరికైనా అనుమానం రావడం సహజం.

అపోహ: బ్యాటరీ మీదే కదా నడుస్తోంది, పిడుగు ఏం చేస్తుంది?

పిడుగుకి మీ బ్యాటరీతో పని లేదు, నిలబెట్టిన తీగతోనే పని. రెండు జిల్లాల్లోనూ పిడుగుపాటుకి మనుషులు పోతూనే ఉన్నారు. దూరంగా ఉరుము వినపడగానే కర్ర దించండి, కారులోకో పక్కా ఇంట్లోకో వెళ్లండి. మధ్యలో ఎంత అరుదైన దేశం పిలుస్తున్నా సరే. కరెంటు తీగల దగ్గర యాంటెన్నా ఎక్కించే పని అసలే పెట్టుకోవద్దు. కర్ర పడిపోయినా తీగలకి తగలనంత దూరం చూసుకోండి.

అపోహ: గెలవనప్పుడు లాగ్ (చేసిన కాంటాక్టుల జాబితా) పంపడం దండగ.

సీక్యూ వరల్డ్ వైడ్‌లో పోటీ ముగిసిన 5 రోజుల్లో లాగ్ పంపాలి. నిర్వాహకులు వచ్చిన లాగ్‌లన్నిటినీ ఒకదానితో ఒకటి సరిచూస్తారు. కాల్‌సైన్ తప్పు విన్న చోట ఆ కాంటాక్టు పోవడమే కాక పాయింట్లలో అదనంగా కోత పడుతుంది. తర్వాత మీ తప్పుల చిట్టా మీకే అందుతుంది. ఎవర్ని ఏమని విన్నారో, అసలు వాళ్లెవరో అందులో పక్కపక్కనే ఉంటుంది. 50 కాంటాక్టులే చేసినా పంపండి. ఆ చిట్టాలో ఏ అక్షరాల దగ్గర మీ చెవి తడబడుతోందో గుర్తుపెట్టుకుని, వచ్చే పోటీ దాకా రోజూ కాసేపు ఆ అక్షరాలే వినండి.