అసిడ్యుయస్లీ: ఆ రెండో ఎస్ ఎక్కడిది?

చిరంజీవులకు ఆశీస్సులు.

పట్టు వదలకుండా, శ్రద్ధగా, రోజూ అదే పని మీద ఉండటాన్ని చెప్పే ఇంగ్లీషు క్రియావిశేషణం ‘అసిడ్యుయస్లీ’ (assiduously). పలికేటప్పుడు ఒత్తు ‘సి’ మీద పడాలి. అమెరికావాళ్లు అసిజువస్లీ అంటారు, అదీ సరైనదే.

లాటిన్‌లో ‘అద్’ అంటే దగ్గర, ‘సెదేరె’ అంటే కూర్చోవడం. కలిస్తే ‘అస్సిదేరె’, పక్కనే కూర్చోవడం. పని పక్కనుంచి లేవనివాడు ‘అస్సిదుఉస్’. ఈ విశేషణం 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. చివరి ‘లీ’ మాత్రం లాటిన్‌ది కాదు, ఇంగ్లీషు సొంత ప్రత్యయం.

ఎక్కువమంది మొదట్లో ఒకే ఎస్ రాసి మార్కు పోగొట్టుకుంటారు. ‘అద్’లోని దకారం పక్కనున్న సకారాన్ని చూసి తానూ సకారమైపోయింది. సత్ + జనుడు సజ్జనుడైనట్టే. శ్చుత్వసంధి చదివినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. అసిస్ట్, అస్యూమ్ మాటల మొదట్లో రెండేసి ఎస్‌లు రావడానికీ ఇదే కారణం. ఇంటిపన్ను కాగితం మీద కనిపించే అసెస్‌మెంట్ కూడా ‘అస్సిదేరె’ సంతానమే: న్యాయమూర్తి పక్కన కూర్చుని సాయపడేవాడు అసెసర్, పన్ను లెక్కకట్టే అర్థం తర్వాత వచ్చింది.

సెషన్, ప్రెసిడెంట్, రెసిడెంట్, అడుగున పేరుకునే సెడిమెంట్, అన్నిట్లోనూ ‘సెదేరె’ ఉంది. దీనికి సంస్కృతంలో తోబుట్టువు ‘సద్’ ధాతువు. సదస్సు, పరిషత్తు, ఉపనిషత్తు దాన్నుంచే వచ్చాయి. లాటిన్, గ్రీకు, సంస్కృతాలు ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని భాషాపండితుడు విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పింది ఇలాంటి పోలికలు చూసే. అలాగని కూర్చోవడమనే అర్థం కనిపించిన ప్రతిచోటా చుట్టరికం కలపకండి. ‘ఆసనం’ వేరే ధాతువు, ‘ఆస్’ నుంచి వచ్చింది. మన ‘కూర్చొను’ అచ్చంగా ద్రావిడ పదం.

వాడుకలో ఒక జాగ్రత్త. ఈ మాట మనిషి పూనుకుని చేసే పనికే నప్పుతుంది: చదవడం, సాధన చేయడం, వివరాలు సేకరించడం. ఎడతెగని వానకు ఇన్‌సెసంట్లీ వాడండి. వద్దన్నా మానకుండా విసిగించేవాడికి పర్సిస్టెంట్లీ బాగుంటుంది. దాని మూలంలో ఉన్నది కూర్చోవడం కాదు, నిలబడటం.

సెడ్యులస్లీ అనే మాట అర్థంలో దీనికి చాలా దగ్గర. చూడగానే ‘సెదేరె’ అనిపిస్తుంది గానీ, దాన్ని ‘సె దోలో’, అంటే మోసం లేకుండా, అనే లాటిన్ పదబంధం నుంచి వచ్చినట్టు చెబుతారు. దాని మొదట్లో ఒకే ఎస్.

మీ తాతయ్య