హెక్సగాన్ బోర్డు మీద డ్రాగన్లు: అపోహలు - వాస్తవాలు

వైజాగ్‌లో వీకెండ్స్‌లో బోర్డ్ గేమ్స్ నేర్పిస్తుంటాను, ఎక్కువగా ఇద్దరే ఆడే హెక్సగాన్ బోర్డు గేమ్స్, అంటే గడులకి ఆరు భుజాలుండేవి. బోర్డు మీద డ్రాగన్, మంత్రగాడు కనపడగానే జనాలు ఏదేదో ఊహించేసుకుంటారు. ఎంవీపీ నుంచి వచ్చినా గాజువాక నుంచి వచ్చినా ఇవే మాటలు.

అపోహ: డ్రాగన్లు ఉన్నాయి కాబట్టి పిల్లల ఆట.
కాదండీ. డ్రాగన్ తీసేసి అక్కడ క్యారమ్ కాయిన్ పెట్టినా ఆట మారదు, ఏ పావు గెంతుతుందో ఏది కదలకుండా అడ్డం నిలబడుతుందో ఈజీగా గుర్తుండడానికే ఆ బొమ్మలు. మన పులి-మేక కూడా అంతే కదా, 3 పులులు, 15 మేకలు, పైకి కథ, లోపలంతా లెక్క, పులికి గెంతడానికి ఖాళీ ఎక్కడ మిగిలిందో చూసుకోకుండా మేకని పెడితే ఆ మేక పోయినట్టే. అరుగుల మీద పెద్దవాళ్లే గంటలు గంటలు ఆడేవారు.

అపోహ: లక్ ఉంటే చాలు.
పాచికలు లేవు, దాచిపెట్టిన కార్డులు లేవు. ఇంకేం లక్?

అపోహ: హెక్సగాన్ గడులు లుక్ కోసమే, చెస్ వస్తే ఇది వచ్చేసినట్టే.
నాకు బాగా బాధేసేది ఇదే, ఎందుకంటే ఆట అందమంతా ఇక్కడే ఉంది. చదరపు గడిలో మూలగా వెళ్తే దూరం ఎక్కువ, హెక్సగాన్‌లో చుట్టూ ఉన్న 6 గడులూ ఒకే దూరం. అబలోన్ అనే గోలీల ఆట బోర్డు తీసుకోండి, 61 గడులు. మధ్యలో ఉన్న గడికి పక్కన 6 గడులు, అంచులో 4, మూలలో 3 మాత్రమే. చెస్ ఆడేవాళ్లు అలవాటుగా రాజుని మూలకి తోసేస్తారు, చుట్టుముడితే ఓడిపోయే గేమ్‌లో అలా చేస్తే ఎదుటివాడికి మూడు పావులు చాలు. చెస్‌నే హెక్సగాన్ మీదకి తెచ్చారు కూడా, గ్లిన్‌స్కీ అనే ఆయన 1936లో, 91 గడులకి మూడు రంగులు కావాల్సొచ్చింది, బిషప్ ఒకే రంగు గడుల్లో తిరుగుతుంది, అందుకే ఒక్కొక్కరికి మూడేసి బిషప్‌లు!

అపోహ: ముందు ఎత్తు వేసినవాడే గెలుస్తాడు.
ఇందులో సగం నిజముంది. 1942లో పీట్ హైన్ కనిపెట్టిన హెక్స్ అనే హెక్సగాన్ గడుల ఆటలో డ్రా అనేదే ఉండదు, ముందు వేసినవాడికి గెలిచే దారి కచ్చితంగా ఉందని గణిత శాస్త్రవేత్త జాన్ నాష్ నిరూపించాడు. ఆ దారి ఏంటో మాత్రం ఆ ప్రూఫ్ చెప్పదు, కాబట్టి బోర్డు ముందు కూర్చున్నాక బుర్ర పెట్టాల్సిందే. పైగా స్వాప్ రూల్ ఉంది: మొదటివాడు ఒక ఎత్తు వేశాక రెండోవాడు కావాలంటే ఆ ఎత్తునే తనది చేసుకోవచ్చు. దాంతో మొదటివాడు మరీ బలమైన చోట వేయడానికి జంకుతాడు. మీరు ఆడే ఫాంటసీ గేమ్‌లో మొదటి ఎత్తు మరీ బలంగా అనిపిస్తే ఇదే రూల్ పెట్టి చూడండి, చాలావాటికి పనిచేస్తుంది.

అపోహ: ఫారిన్ బాక్స్ కొనాలి, వేలల్లో ఖర్చు.
ఏం అక్కర్లేదు. హెక్సగాన్ గడుల షీట్ ఏ3 సైజులో ప్రింట్ తీయించండి, క్యారమ్ కాయిన్ల మీద స్టిక్కర్లు అంటించి డ్రాగన్, మంత్రగాడు అని రాసుకోండి. లామినేషన్ మాత్రం మానకండి, మన సముద్రపు గాలికి ఉత్త అట్టైతే నెల తిరక్కుండానే వంకర పోతుంది, పావులు జారిపోతాయి.