‘ఒక్క సూదితో జ్వరం దిగేది’: పాతకాలం ఊరి వైద్యంపై అపోహలు - వాస్తవాలు

గుంటూరు కొత్తపేటలోనైనా, విజయవాడ సూర్యారావుపేటలోనైనా ఓపీలో కూర్చున్న డాక్టరు రోజూ వినే మాటే ఇది: "మా నాన్నగారి రోజుల్లో డాక్టరుగారు ఒక్క సూది వేస్తే తెల్లారేసరికి జ్వరం దిగేదండీ. మీరేమో బిళ్లలు రాసి పంపేస్తున్నారు." పిల్లాడి ఒళ్లు కాలిపోతుంటే ఎవరికైనా కంగారే, అందులో తప్పు లేదు. కానీ జనానికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే.

అపోహ: సూది పడితేనే జ్వరం తగ్గుతుంది.

వాస్తవం: మామూలు వైరల్ జ్వరం చాలావరకు మూడు నుంచి అయిదు రోజుల్లో దానంతటదే దిగుతుంది. ఆ రోజుల్లో బండి కట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లేసరికే రెండు మూడు రోజులు గడిచిపోయేవి. ఆ రోజు సూది, మర్నాడు చెమటలు పట్టి జ్వరం తగ్గడం. పేరు సూదికి దక్కింది. న్యుమోనియాలో పెన్సిలిన్ నిజంగానే ప్రాణాలు నిలిపింది. ఆ ఖ్యాతే అన్ని సూదులకూ అంటుకుంది.

అప్పట్లో మరిగించి మళ్లీ మళ్లీ వాడిన గాజు సిరంజి సంగతి చూడండి. బారెల్, పిస్టన్ విడదీసి, నీళ్లలో పూర్తిగా ముంచి, మరగడం మొదలయ్యాక 20 నిమిషాలు ఉంచాలి. రోగులు బారులు తీరిన రోజున చాలాచోట్ల సూది మాత్రం మార్చి సిరంజి అదే వాడేవారు. అందులోకి వెనక్కి వచ్చిన రక్తం కంటికి ఆననంత ఉన్నా హెపటైటిస్ బి పాకడానికి చాలు. సరిగ్గా మరిగించినా ధనుర్వాతం స్పోర్లు (ఆ క్రిమి గట్టి పొరలో దాగిన రూపం) చావవు. వాటికి ఆటోక్లేవులో, అంటే ప్రెషర్ కుక్కర్ లాంటి పరికరంలో, 121 డిగ్రీల ఆవిరి 15 నిమిషాలు తగలాలి. మొద్దుబారిన సూదిని రాతి మీద నూరి మళ్లీ వాడేవారు. పిర్రల మీద చీముగడ్డలు అలా లేచినవే. పిర్ర పైభాగంలో బయటి వైపు కాకుండా కిందకో లోపలికో దిగితే తుంటి నరం దెబ్బతిని పాదం వాలిపోయేది. పోలియో రోజుల్లో మరీ ఘోరం. వైరస్ ఒంట్లో ఉండగా కండకు సూది పడితే ఆ కాలే చచ్చుబడే ముప్పు పెరిగేది.

ఇప్పుడు సిరంజి కొత్తదే, మరి మందు? ‘జ్వరం సూది’ పేరుతో వేసేది చాలాసార్లు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. లోపలున్నది డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. స్టెరాయిడ్ కూడా కలిపితే జ్వరం ఒక పూట దిగినట్టు కనిపిస్తుంది, అసలు జబ్బు మరుగున పడుతుంది.

పిల్లలకు పారాసెటమాల్ కిలో బరువుకు 15 మి.గ్రా. చొప్పున, ఆరు గంటల తేడాతో, రోజుకు నాలుగుసార్లు మించకుండా. 10 కిలోల బిడ్డకు 150 మి.గ్రా. అన్నమాట. సిరప్ 5 మి.లీ.లో 120 ఉందో 250 ఉందో సీసా మీద చదవండి, పొరపాటంతా అక్కడే జరుగుతుంది. జ్వరం మూడు రోజులు దాటినా, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికి రావాలి.

ఇక సెలైన్ ఎక్కితే బలం వస్తుందనేది. 500 మి.లీ. 5 శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజే. నోటితో తాగగలిగిన మనిషికి గంజి చాలు.

కాంపౌండరు పోసిచ్చిన ఎర్రమందులో మహిమేమీ లేదు. కార్మినేటివ్ మిక్చర్ అయితే సోడా బైకార్బ్, ఏలకుల టింక్చర్, పిప్పరమెంటు నీళ్లు. ఎరుపు కొచినీల్ రంగుది. కడుపుబ్బరానికి హాయి, జ్వరానికి ఏమీ కాదు.

పాతకాలం ఎల్.ఎం.పి. (లైసెన్షియేట్) డాక్టర్లను, వైద్య డిగ్రీ లేకుండా ఊళ్లలో వైద్యం చేసే నేటి ఆర్.ఎం.పి.లతో కలిపేయడం మరో పొరపాటు. ఎల్.ఎం.పి.లు మెడికల్ స్కూల్లో చదివి, పరీక్ష ప్యాసై, లైసెన్సు పొందినవారు. ఈ లైసెన్సు చదువు వద్దు, వైద్యానికి ఒకే డిగ్రీ చాలని ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ చెప్పింది 1946లో. గుంటూరు మెడికల్ కాలేజీ మొదలైందీ ఆ ఏడాదే.