పదహారు వేల డాలర్ల కోచ్

1978లో రాయ్ విలియమ్స్ హైస్కూలు కోచ్ ఉద్యోగం వదులుకుని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ జట్టులో పార్ట్‌టైమ్ అసిస్టెంట్ కోచ్‌గా చేరారు. జీతం 2,700 డాలర్లు. నెలకు కాదు, ఏడాదికి. ఇల్లు గడవడానికి ఆదివారం పొద్దున్నే కారెక్కి, హెడ్ కోచ్ డీన్ స్మిత్ టీవీ కార్యక్రమం టేపులను వేరే ఊళ్లలోని స్టేషన్లకు చేరవేసేవారు. వేసవిలో జట్టు క్యాలెండర్లు పట్టుకుని రాష్ట్రమంతా తిరిగి అమ్మేవారు. పదేళ్లు అసిస్టెంటుగా ఉన్నాక, 1988లో కాన్సస్ విశ్వవిద్యాలయం ఆయనను హెడ్ కోచ్‌గా తీసుకుంది. ఆ తర్వాత నార్త్ కరోలినాకు తిరిగొచ్చి మూడుసార్లు జాతీయ టైటిల్ గెలిపించారు.

అమెరికాలో దీన్ని పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. పట్టుదల నిజమే. కానీ ఈ కథ విన్నప్పుడల్లా, అంత తక్కువ జీతంతో సంసారం ఈదలేక ఇదే దారిలో వెనుదిరిగినవాళ్లు ఎందరో అన్న ఆలోచన నన్ను వదలదు.

అసిస్టెంట్ కోచ్ చేసే పనిలో టీవీలో కనిపించేది చాలా తక్కువ. ప్రత్యర్థి జట్టు ఆటల వీడియోలు అర్ధరాత్రి దాకా చూసి, ఎవరు ఏ చేతివైపు డ్రిబుల్ చేస్తారో, ఎవరిని ఎక్కడ ఆపాలో రాసిపెట్టాలి. ఊరూరా హైస్కూలు జిమ్‌లకు వెళ్లి పదహారు, పదిహేడేళ్ల పిల్లల ఆట చూడాలి, వాళ్ల తల్లిదండ్రుల నమ్మకం సంపాదించాలి. అంతకన్నా కింది మెట్ల మీద వీడియోలు కత్తిరించేవారు, ప్రయాణ ఏర్పాట్లు చూసేవారు, పీజీ చదువుకుంటూ జట్టుకు చాకిరీ చేసే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు ఉంటారు. పైమెట్టుకు వెళ్లాలంటే హెడ్ కోచ్ గెలవాలి. ఆయన ఉద్యోగం పోతే సాధారణంగా వీళ్లందరి ఉద్యోగాలూ పోతాయి.

ఇలాంటి ఉద్యోగానికి 1991లో కాలేజీలే కూడబలుక్కుని ధర కట్టాయి. ఖర్చులు పెరిగిపోతున్నాయన్న ఆందోళనతో, కాలేజీ క్రీడలను నడిపే కాలేజీల సంఘం ఎన్‌సీఏఏ ఒక నిబంధన తెచ్చింది. దాని ప్రకారం డివిజన్ వన్ (కాలేజీ క్రీడల్లో అన్నిటికన్నా పై స్థాయి) బాస్కెట్‌బాల్ జట్టులో ఒక హెడ్ కోచ్, ఇద్దరు అసిస్టెంట్లు, వారి కింద 'పరిమిత ఆదాయ కోచ్' ఒకరు మాత్రమే ఉండొచ్చు. ఆ నాలుగో మనిషికి విద్యా సంవత్సరానికి 12,000, వేసవికి 4,000, మొత్తం 16,000 డాలర్లకు మించి ఇవ్వకూడదు. అంతకుముందు ఇలాంటి పనికి కొన్ని కాలేజీలు ఏటా 60,000 నుంచి 70,000 డాలర్ల వరకు ఇచ్చాయి. హెడ్ కోచ్ జీతానికి మాత్రం ఏ హద్దూ లేదు. పొదుపు పేరుతో కోత పెట్టింది అందరికన్నా తక్కువ తీసుకునేవాడి దగ్గరే. నాకు మింగుడుపడనిది ఇదే.

నార్మన్ లా అనే బాస్కెట్‌బాల్ కోచ్, మరికొందరు కలిసి కాన్సస్ ఫెడరల్ కోర్టుకెక్కారు. ఈ మెట్టు కొత్తగా వృత్తిలోకి వచ్చే యువకుల కోసమేనని ఎన్‌సీఏఏ వాదించింది. కానీ అనుభవజ్ఞులను ఆ పోస్టులో పెట్టుకోకూడదని నిబంధనలో ఎక్కడా లేదు. పోటీపడాల్సిన సంస్థలు ఏకమై జీతం నిర్ణయించడం గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని జిల్లా కోర్టు 1995లో తేల్చింది. ఖర్చు తగ్గించుకోవాలన్న కోరిక ఒక్కటే దానికి సమర్థన కాబోదంటూ 1998లో అప్పీలు కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. అదే ఏడాది జ్యూరీ నిర్ణయించిన పరిహారం చట్టప్రకారం మూడింతలై దాదాపు 6.7 కోట్ల డాలర్లకు చేరింది. చివరికి 1999లో 5.45 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఇతర క్రీడల కోచ్‌లకు కూడా అందులో వాటా దక్కింది.

ఆ తర్వాత పెద్ద కాలేజీల్లో అసిస్టెంట్ల జీతాలు బాగా పెరిగాయి, వాటితోపాటు మంచి ఆటగాళ్లను తేవాలన్న ఒత్తిడీ పెరిగింది. 2017 సెప్టెంబరులో, ఆటగాళ్లను ఏజెంట్లు, ఆర్థిక సలహాదారుల వైపు మళ్లించడానికి లంచాలు తీసుకున్నారన్న కేసులో ఎఫ్‌బీఐ ఆబర్న్, ఓక్లహోమా స్టేట్, అరిజోనా, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల కోచ్‌లు నలుగురిని అరెస్టు చేసింది. నలుగురూ అసిస్టెంట్ స్థాయివారే. తర్వాత నలుగురూ నేరం ఒప్పుకున్నారు. ఆ కేసుల్లో ఒక్క హెడ్ కోచ్ మీద కూడా నేరాభియోగం నమోదు కాలేదు. తప్పు చేసినవారిని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కానీ వాళ్లు తెచ్చిన ఆటగాళ్లతో గెలిచిన పేరు దక్కేది వాళ్లకు కాదు.

హెడ్ కోచ్ కావాలన్న తొందర లేనివారూ ఉన్నారు. కనెక్టికట్ మహిళల జట్టులో క్రిస్ డెయిలీ 1985 నుంచి హెడ్ కోచ్ జీనో ఆరియెమా పక్కనే ఉన్నారు. 2025 నాటికి ఆ జట్టు గెలిచిన 12 జాతీయ టైటిళ్లలోనూ ఆమె శ్రమ ఉంది. నార్త్ కరోలినాలో బిల్ గుత్రిజ్ మూడు దశాబ్దాలు డీన్ స్మిత్ దగ్గర అసిస్టెంటుగా పనిచేశారు. 1997 అక్టోబరులో స్మిత్ రిటైరైనప్పుడు 60 ఏళ్ల వయసులో హెడ్ కోచ్ అయ్యారు. ఆ పదవిలో మూడు సీజన్లే ఉన్నా, రెండుసార్లు జట్టును ఫైనల్ ఫోర్‌కు, అంటే జాతీయ టోర్నీ సెమీఫైనల్స్‌కు తీసుకెళ్లారు.

2023 జులై నుంచి డివిజన్ వన్ బాస్కెట్‌బాల్ జట్లు మరో ఇద్దరు కోచ్‌లను పెట్టుకోవచ్చు. వీడియో గదుల్లో ఏళ్ల తరబడి కూర్చున్నవారికి బాస్కెట్‌బాల్ కోర్టులో నిలబడి ఆట నేర్పే అవకాశం దీనితో వచ్చింది. అయితే ఆ రెండు పోస్టులకు కనీస జీతమేమీ నిర్ణయించలేదు.